మొదటి వన్స్‌మోర్

నాటకాల పిచ్చి నాకు మా నాన్న వల్ల పట్టింది. ఆయన బతికుండగా ఆ మాట అని ఉంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయన మిషన్ చర్చిలో ఉపదేశి. ఆదివారం హార్మోనియం ముందేసుకుని సంఘం చేత కీర్తనలు పాడించేవాడు. నాటకాలంటే ఆయనకు గిట్టదు. కానీ శ్రుతి అంటే ఏమిటో, ఒక గొంతు దాన్ని అంటిపెట్టుకుని పైకి వెళ్తుంటే ఒళ్లు ఎందుకు జలదరిస్తుందో నాకు నేర్పింది ఆ హార్మోనియమే.

ఆయన పోయాక, యాభైల మొదట్లో, ట్రైనింగు ముగించుకుని చీరాలకు రెండు మైళ్ల దూరంలో ఒక మిషన్ బడిలో మేష్టరుగా చేరాను. చేరిన నెలలోనే ఒక పద్యనాటకాల నటుణ్ని మొదటిసారి చూశాను.

ఆయన పేరు రాయను. ఆయన తాలూకు మనుషులు ఇంకా ఉన్నారు. గుంటూరు అవతల మిరప పొలాల మధ్య ఒక పల్లె ఆయనది. పొట్టి మనిషి. దగ్గర్నుంచి చూస్తే మొహం నిండా అమ్మవారి మచ్చలు. రాజు వేషాలు వేసేవాడు. రాజ్యం పోయిన రాజు అడవి తెర ముందు నిలబడి పద్యం ఎత్తుకుంటే ఆ పొట్టితనం గానీ మచ్చలు గానీ ఎవరికీ కనపడేవి కావు. చివరి పాదం దగ్గర రాగం అందుకుని, ఇంక ఊపిరి చాలదు అని మనం అనుకునే చోట ఇంకో మెట్టు ఎక్కేవాడు. ఆ మెట్టు కోసమే జనం పది మైళ్లు బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

ఆ మొదటి రోజు పద్యం అయ్యీ కాకముందే నా పక్కన కూర్చున్న మనిషి లేచి "వన్స్‌మోర్!" అని అరిచాడు. నా చెవి గింగురుమంది. పద్యం నచ్చితే అలా అరవడం, నటుడు మళ్లీ పాడటం అప్పటి ఆచారం. ఏడుస్తున్న రాజు ఏడుపు ఆపి, జనానికి దణ్ణం పెట్టి, మళ్లీ మొదటి నుంచి ఏడ్చేవాడు. అది మాకెవరికీ వింతగా ఉండేది కాదు.

"అంత గట్టిగా అరవాలా అన్నా?" అన్నాను చెవి మూసుకుని.

"అరవకపోతే ఆయనకి ఎట్టా తెలుస్తుందయ్యా?" అన్నాడు. అని నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మిషన్ బడి మేష్టరువు కదూ? ఏడుస్తున్నావే!" అన్నాడు.

నిజంగానే ఏడుస్తున్నాను. మా స్నేహం అలా మొదలైంది.

అతను మా బడి ఉన్న ఊళ్లోనే నేతగాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇంట్లో గుంటమగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని తొక్కుడు చెక్కలు తొక్కుతూ, నాడె అటూ ఇటూ విసురుతూ పొద్దస్తమానం పద్యాలు పాడేవాడు. గొంతు పెద్దదే గానీ శ్రుతి అనేది దాని దరిదాపుల్లోకి వచ్చేది కాదు. నేను సాయంత్రం బడి అయ్యాక వెళ్లి మగ్గం పక్కన కూర్చునేవాణ్ని. వాళ్లమ్మ మొదట్లో నాకు మంచినీళ్లు వేరే గ్లాసులో ఇచ్చేది. అతను, నేను తాగి పెట్టిన ఆ గ్లాసే తీసుకుని కూజాలో నీళ్లు వంచుకుని తాగేవాడు. కొన్నాళ్లకు ఆవిడ వేరే గ్లాసు పెట్టడం మానేసింది.

పది పన్నెండేళ్లు ఆ నటుడి వెంట తిరిగాం. బాపట్ల, పొన్నూరు, పర్చూరు, ఇంకొల్లు, ఎక్కడ ఆయన నాటకం ఉందని కరపత్రం కనపడితే అక్కడికి రెండు సైకిళ్ల మీద బయలుదేరేవాళ్లం. వానాకాలంలో నల్లరేగడి దారుల్లో చక్రాలకు మట్టి పట్టి తిరిగేవి కావు. సైకిళ్లు భుజాన వేసుకుని నడిచేవాళ్లం. ఏ ఊళ్లో ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో, రాగం ఎంతసేపు తీశాడో నేను నోటుబుక్కులో రాసేవాణ్ని. తెనాలి వైపు ఇంకో నటుడికి వేరే అభిమానులు ఉండేవాళ్లు. వాళ్లతో టీ కొట్ల దగ్గర తగాదాలు పడి, నోటుబుక్కు తీసి చూపించి నోళ్లు మూయించేవాళ్లం. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. మా ఆవిడ ఒకసారి, "నేను ఎప్పుడు నీళ్లోసుకున్నానో మీకు గుర్తులేదు గానీ, ఆయన ఎప్పుడు జలుబు చేసి పాడలేదో గుర్తుంది" అంది. ఆ మాటకు నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నాలాంటి వాడు నాటకాలకు వెళ్లడం మా పాస్టరుగారికి నచ్చేది కాదు. బడికి కరస్పాండెంటు కూడా ఆయనే, నా ఉద్యోగం ఆయన చేతిలోనే ఉండేది. చెడ్డవాడు కాదు. రెండుమూడు సార్లు పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. నేను తల ఊపి వచ్చేసేవాణ్ని.

అరవైల్లోకి వచ్చేసరికి నాటకాలు తగ్గిపోయాయి. టెంటు సినిమాలు ప్రతి ఊరికీ వచ్చాయి. కాంట్రాక్టర్లు ఆయన్ని పిలవడం లేదని, పిలిచినా మూడో వంతు జనం కూడా రావడం లేదని విన్నాం. నా మిత్రుడికి అది అవమానంలా తగిలింది.

"ఆయనకి మనం సన్మానం చేద్దాం మేష్టారూ. పెద్దోళ్లెవరూ వద్దు. మనం, మన నేతోళ్లు, ఆయన్ని విన్నోళ్లు. శాలువా నేను నేస్తా" అన్నాడు.

ఇరవై రోజులు కూర్చుని నేశాడు. అంచులో జరీ పెట్టాడు. సన్మానానికి చోటు కావాల్సి వచ్చింది. ఊరి చివర జిన్నింగు మిల్లు ఆసామి ఆదివారం సాయంత్రం ఆవరణ వాడుకోమన్నాడు. మిల్లు ఆ రోజు ఆడదు, చోటు విశాలం, పైసా ఇవ్వక్కర్లేదు అని సంబరపడ్డామే గానీ, పత్తి కాలంలో ఆ ఆవరణలో గాలి ఎలా ఉంటుందో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గోడల మీద, చెట్ల మీద, రేకుల మీద దూది నూగు. గాలి వీచినప్పుడల్లా లేచి మళ్లీ దిగేది.

సంగతి పాస్టరుగారి దాకా వెళ్లింది. "వెళ్తే వెళ్లండి మేష్టారూ, మిమ్మల్ని కట్టేయలేను. వేదిక మాత్రం ఎక్కకండి. అక్కడ నోరు తెరవకండి. ఇది ఒప్పుకుంటే నేనూ ఏమీ విననట్టే ఉంటాను" అన్నాడు.

"నోరు తెరవనండి" అన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం స్టేషనుకు నేనే వెళ్లాను. ఆయన రైలు దిగాడు. అన్నేళ్లలో ఆయన్ని రంగు లేకుండా అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు, ఎండాకాలం మొదలైనా. జట్కా ఎక్కాక నెమ్మదిగా అన్నాడు:

"నాయనా, మీకో మాట చెప్పాలి. గొంతులో పుండు లేచింది. గుంటూరులో డాక్టరు ఆరు నెలలు పాడొద్దన్నాడు. రావద్దనే అనుకున్నాను. కానీ ఈ మధ్య నన్ను పిలిచింది మీరొక్కళ్లే. ఒక్క పద్యం పాడతాను. రెండోసారి అడగనివ్వకండి. అడిగితే నేను ఆగలేను."

ఆ చివరి మాట ఆయన సిగ్గుపడుతూ అన్నాడు.

నేను మిల్లుకు రాగానే నా మిత్రుణ్ని పక్కకు తీసుకెళ్లి చెప్పాను. అతని మొహం వాడిపోయింది. "సరే. నేను అరవను. నేను అరవకపోతే ఈ జనంలో ఎవడూ అరవడు. నాది పూచీ" అన్నాడు. అది నిజం. ఆ చుట్టుపక్కల ఎక్కడ నాటకమైనా మొదటి కేక అతనిదే. జనం దాని కోసం కాసుకుని ఉండేవాళ్లు.

మూడు నాలుగొందల మంది వచ్చారు. శాలువా కప్పారు, దండ వేశారు. నేను వేదిక కింద, ముందు వరసలో, నా మిత్రుడి పక్కన నిలబడ్డాను. ఆయన హార్మోనిస్టుకు సైగ చేసి అడవి పద్యం ఎత్తుకున్నాడు.

మొదటి రెండు పాదాలు నెమ్మదిగా, జాగ్రత్తగా పాడాడు. గొంతు బాగాలేదని తెలిసిన వాడికి తెలుస్తుంది. నాలుగో పాదం దగ్గరికి వచ్చేసరికి ఏమైందో, ఆ జాగ్రత్త వదిలేశాడు. రాగం అందుకున్నాడు. వెనకటి ఆయనే. ఊపిరి చాలదనుకున్న చోట ఆ ఇంకో మెట్టు ఎక్కి, అక్కడ నిలబడ్డాడు.

ఆగాడు. అంతా నిశ్శబ్దం. జనం వెనక నుంచి నా మిత్రుడి వీపు వంక చూస్తున్నారు. అతను రెండు పెదాలూ బిగబట్టుకుని నేల చూస్తున్నాడు.

"వన్స్‌మోర్!"

ఆ కేక నాది. అలా ఎందుకు అరిచానో ఇన్నేళ్లు ఆలోచించాను. అరవాలని అనుకోలేదు. అరవకూడదని తెలుసు. ఆ చుట్టూ ఉన్న మనుషుల్లో ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. అయినా నోట్లోంచి వచ్చేసింది. నా మిత్రుడు తల తిప్పి నా వంక చూశాడు. కోపంగా కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. ఆ లోపలే ఆవరణంతా "వన్స్‌మోర్" అని హోరెత్తింది.

ఆయన నవ్వాడు. దణ్ణం పెట్టాడు. మళ్లీ పాడాడు. ఈసారి ఇంకా బాగా పాడాడు. మళ్లీ హోరు. ఈసారి నా మిత్రుడు కూడా రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

మూడోసారి చివరి పాదం మధ్యలో గొంతు ఆగిపోయింది. బొంగురు పోవడం, జీర రావడం కాదు, ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, చెయ్యి పైకెత్తే ఉంది, వట్టి గాలి వస్తోంది. హార్మోనియం కొంచెం దూరం ఒంటరిగా వెళ్లి నిలిచిపోయింది. ఆయన చేత్తో గొంతు పట్టుకుని ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. జనంలో కొందరు అది నటన అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ గొంతు మళ్లీ రాలేదు.

డాక్టరు పాడొద్దన్నాడన్న సంగతి వారం తిరక్కుండానే ఊళ్లో తెలిసింది. తెలిసి కూడా మొదట అరిచింది ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబు ఎవరూ వెతుక్కోలేదు. మొదటి కేక ఎప్పుడూ నా మిత్రుడిదే కదా. టీ కొట్టు దగ్గర, నూలు కండెలు చుట్టే ఆడవాళ్ల దగ్గర, రేవు దగ్గర అదే మాట. "ఆయన గొంతు మింగాడు" అని అతని మొహం మీదే అన్నారు. అతను ఎవరికీ ఎదురు చెప్పలేదు.

పాస్టరుగారు నన్ను పిలిచాడు. "మీరు నోరు తెరవలేదు కదా మేష్టారూ?"

"లేదండి."

"ఆ నేతాయనేనటగా మొదలుపెట్టింది?"

బడి, జీతం, ఇద్దరు పిల్లలు, ఇవన్నీ అప్పుడు నా కళ్ల ముందుకు వచ్చాయని చెప్పుకోవచ్చు. కానీ నిజానికి అవేవీ రాలేదు. ఆ తప్పు నాది కాకుండా పోయే దారి ఒకటి కనిపించింది, అంతే.

"అవునండి. అందరూ అలాగే అంటున్నారు" అన్నాను.

ఆ సాయంత్రం నోటుబుక్కు పొయ్యిలో పెట్టాను. మా ఆవిడ చూసింది. అప్పటి నుంచి నా మిత్రుడి ఇంటికి వెళ్లడం మానేశాను. మొదట రేపు వెళ్దాం అనుకున్నాను. తర్వాత వచ్చే వారం అనుకున్నాను. ఆ తర్వాత, ఇన్నాళ్లు వెళ్లనివాణ్ని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకున్నాను. బజారులో కనపడితే సైకిలు పక్క సందులోకి తిప్పేవాణ్ని. రెండేళ్లు గడిచాయి.

మూడో ఏడు వేసవిలో మేష్టర్లకు ఏవో క్లాసులని గుంటూరు పంపారు. ఒక రోజు క్లాసు ఎగ్గొట్టి బస్సెక్కి ఆ నటుడి ఊరికి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను.

ఇంటి దగ్గర ఆయన లేడు. ఆయన భార్య కళ్లం వైపు చూపించింది. ఊరి బయట ఎకరాల కొద్దీ ఎర్రగా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు నాకే దగ్గు ఆగలేదు. మధ్యలో చిన్న తాటాకు పందిరి కింద, నోటికి గుడ్డ కట్టుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. ఎవరో ఆసామి కాయలకు కాపలా. పశువులు వస్తే అదిలించడానికి కేక వేయలేడు కదా, అందుకని పక్కన ఒక కిరసనాయిలు డబ్బా, కర్ర పెట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి ఒక గేదె కాయల మీదికి వస్తోంది. ఆయన డబ్బా వాయించాడు.

నన్ను గుర్తుపట్టలేదు. చీరాల నుంచి వచ్చానంటే మాత్రం మొహం వెలిగింది. దగ్గరికి రమ్మని, చెవిలో గుసగుసగా ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. వెనకే మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చిన ఆయన భార్య విడమరిచి చెప్పింది.

"నేతాయన బాగున్నాడా అని అడుగుతున్నారండి. ఆయన ప్రతి అమావాస్యకీ వస్తాడు. ఆ రోజు మగ్గం దిగుతారంట కదా. పటికబెల్లం, మిరియాలు తెస్తాడు. ఈయన పద్యాలన్నీ ఆయన పాడతాడు, అబ్బో, ఆ పాట వినలేమండీ. ఈయన చేత్తో చూపించి దిద్దుతుంటారు. ఆ ఒక్క పూటే ఈయన నవ్వేది."

ఆవిడ మజ్జిగ చెంబు నా చేతికిచ్చింది.

"మొదటిసారి వచ్చినప్పుడు కాళ్ల మీద పడి ఏడ్చాడండి. మొదట అరిచింది నేనే, నన్ను చెప్పుచ్చుకు కొట్టండి అని. ఈయనే లేవదీసి కూర్చోబెట్టారు" అంది.

అన్నీ కూర్చుకుని వెళ్లిన మాటల్లో ఒక్కటి కూడా నా నోటికి రాలేదు. అరవకూడని రోజు తెరుచుకున్న నోరు, చెప్పాల్సిన రోజు పెగల్లేదు. మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాను.

గుంటూరులో బస్సు దిగి, క్లాసులకు వెళ్లకుండా అటునుంచి అటే చీరాల రైలెక్కాను. నా మిత్రుడి ఇంటికి వెళ్లేసరికి సాయంత్రమైంది. మగ్గంలో ఉన్నాడు. నన్ను చూసి నాడె ఆపాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఆయన్ని చూసొస్తున్నా అన్నా" అన్నాను.

"ఊఁ."

"మొదట అరిచింది నేను. నీకు తెలుసు కదా."

"నీ పక్కనే ఉన్నా కదయ్యా. తెలియకేం?"

"మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"రెండోసారి నేనూ అరిచా. పూచీ పడ్డోణ్ని నేను. మొదటిది ఎవడిదైతే ఏంలే అనుకున్నా." పోగులు సరిచేసుకున్నాడు. "నాకు కోపం అందుక్కాదు మేష్టారూ. ఊరంతా నా మొహాన ఊస్తుంటే, నువ్వు మూడు వీధుల అవతల ఉండి కూడా రాలేదే. ఒక్కసారి వచ్చి ఇట్టా కూర్చుంటే చాలు గదా. ఏం చెప్పక్కర్లా."

"రేపే వెళ్లి ఆయనకి నిజం చెప్తా."

"వద్దు!" అన్నాడు, ఆ పాత గొంతుతో. లోపల వాళ్లమ్మ ఉలిక్కిపడింది. "ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? తప్పు చేసినోణ్ని అనే కదా నన్ను రానిస్తున్నారు. అది కాదని తెలిస్తే నేనెవర్ని వాళ్లకి? నెలకోసారి ఆయన చెయ్యి ఊపి దిద్దుతుంటే నాకు ఎట్టా ఉంటదో నీకు తెలీదు. అది నాకుండనీ."

ఉండనిచ్చాను. నేను చేసింది అదొక్కటే. తర్వాత రెండు సార్లు అతనితో కలిసి వెళ్లాను. అతను పాడుతుంటే ఆయన వేళ్లతో గాలిలో స్వరం గీసేవాడు. నేను కొంచెం దూరంగా కూర్చునేవాణ్ని. నన్ను ఆయన చివరిదాకా నేతాయన వెంట వచ్చే మేష్టరుగానే ఎరుగును.

ఆ తర్వాత ఏడాది వర్షాలు మొదలయ్యే ముందు ఆయన పోయాడు. కబురు నా మిత్రుడికి అందింది. అతను నాకు చెప్పకుండా వెళ్లాడు. నేను రెండు రోజుల తర్వాత పేపర్లో నాలుగు లైన్లు చూసి తెలుసుకున్నాను. అడిగితే, "బడి ఉంది గదా అని చెప్పలా" అన్నాడు. ఎంతమంది వచ్చారని అడిగాను. "మోయడానికి సరిపోయాం" అన్నాడు.

మా పాస్టరుగారు రిటైరయ్యే ముందు, అప్పుడు అబద్ధం చెప్పానని ఆయన దగ్గర ఒప్పుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "దేవుడు క్షమిస్తాడు మేష్టారూ, ప్రార్థన చేద్దాం" అన్నాడు. చేశాం. ఆయన మంచివాడు. కానీ క్షమించాల్సిన వాడు ఆయన కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అరవైల చివర్లో నా మిత్రుడి కొడుకులు మగ్గాలు మంగళగిరికి మార్చారు. స్టేషనుకు వెళ్లాను. పెట్టెలు, మూటలు, వాళ్లమ్మ, పిల్లలు, అంతా హడావుడి. రైలు కదలబోతుంటే కిటికీలోంచి, "ఉత్తరం రాస్తుండు మేష్టారూ" అన్నాడు.

రెండు రాశాను. మొదటిదానికి అతని కూతురు జవాబు రాసింది. నాన్నకు చూపు తగ్గింది, మగ్గం దిగాడు, మీరు క్షేమమని తలుస్తాము అని. రెండోదానికి ఏమీ రాలేదు. మూడోది మొదలుపెట్టి, తారీఖు వేసి, ఆ కార్డు చాలా రోజులు బల్ల మీదే ఉంచాను. తర్వాత దాని వెనక పిల్లల హాజరు లెక్క ఏదో వేసుకున్నట్టు గుర్తు.